ఓడ ధర తగ్గింది, వియ్యంకులు అలిగారు

కరోనా గొడవ సద్దుమణిగి యాత్రల ఓడలు మళ్లీ తిరగడం మొదలైన ఏడు, మంచి ఎండాకాలంలో, నన్ను తిరుపతి నుంచి ప్రొద్దుటూరు శాఖకు బదిలీ చేశారు. ట్రావెల్స్ ఉద్యోగంలో అది నా ఆఖరి పోస్టింగు. హోదా పేరు ‘బ్రాంచ్ ఇన్‌చార్జ్’. మేనేజరు జీతం ఇవ్వకుండా మేనేజరు చాకిరీ చేయించుకోవడానికి మా కంపెనీ కనిపెట్టిన హోదా అది. ఆఫీసు బంగారు అంగళ్ల వీధికి దగ్గర్లో, ఒక మిఠాయి దుకాణం మేడ మీద ఉండేది. కింద బూందీ వేగుతుంటే పైన నేనూ, ఒక గుమాస్తా కూర్చుని కువైట్ టికెట్లు కొట్టేవాళ్లం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తిరుపతిలో పేరు. చిన్న ఊరికి పంపితే అది కాస్త తగ్గుతుందని నా పైవాళ్లు అనుకున్నట్టున్నారు.

కడప జిల్లాలో ట్రావెల్స్ వ్యాపారం అంటే గల్ఫ్‌కు పోయే వచ్చే వాళ్లు, కాశీకి పోయే బృందాలు, హైదరాబాదు బస్సులు. ఆ ఏడు హెడ్డాఫీసుకు కొత్త సరదా పుట్టింది. ప్రతి శాఖా ఓడ ప్రయాణాలు అమ్మాలన్నారు. సముద్రమే లేని జిల్లాలో ఓడ అమ్మడమేమిటని నేను ఫోన్లో విసుక్కున్నాను. ప్రొద్దుటూరులో బంగారం మాత్రం పండుతుందా, అమ్మడం లేదా అని వాళ్లు ఎదురడిగారు. నేను ఫోను పెట్టేసి ఓడల బొమ్మలు గోడకు అంటించాను.

ఈ వ్యాపారం తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. క్రూజ్ అంటే ఓడే హోటలు. చెన్నై రేవులో ఎక్కి, శ్రీలంక చూసి, మళ్లీ చెన్నైలోనే దిగుతారు. గది తీసుకునేటప్పుడు ముందు అడ్వాన్సు కడతారు. మిగతాది కట్టడానికి ఒక గడువు ఉంటుంది, దాన్ని ‘ఫైనల్ పేమెంట్’ అంటాం. ఆ గడువు లోపల గది ధర తగ్గితే ఏజెంటు ఒక్క ఫోను చేసి తగ్గిన ధరకు మార్పించవచ్చు. గడువు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. మానుకుంటే కట్టినదాంట్లో పెద్ద భాగం పోతుంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. గడువు దాటిన మర్నాటి నుంచే ఓడ కంపెనీ మిగిలిన గదులు లెక్క చూసుకుంటుంది. ఖాళీ గదితో ఓడ కదిలితే ఆ గది మీద రూపాయి రాదు కాబట్టి వాటిని ధర తగ్గించి అమ్ముతుంది. అంటే, బుద్ధిగా పూర్తి సొమ్ము కట్టినవాళ్లు చూస్తుండగానే ధర పడుతుంది. మా వ్యాపారంలో ఇది మామూలు విషయం, అయితే ప్రొద్దుటూరులో ఇది మామూలు కాదని నాకు తరువాత తెలిసింది.

తిరుపతిలో ఓడ టికెట్లు అడపాదడపా అమ్మినదాన్నే గానీ, ప్రొద్దుటూరులో నా మొదటి ఓడ బేరం కేశవయ్యది. ఆయనకు ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉంది. పూర్వం సేద్యం చేసిన కుటుంబమే, తాత కాలంలో టౌను చేరింది. ఒక్కగానొక్క కూతురు హారికను పులివెందులలో ఓబుళయ్య గారి అబ్బాయికి ఇచ్చారు. ఓబుళయ్యకు చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్నాయి. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. రెండు కుటుంబాలూ కలిసి ఎటైనా పోయి వస్తే వియ్యం గట్టిపడుతుందని కేశవయ్య ఆలోచన. కాశీ రెండిళ్లవాళ్లూ చూసేశారు, తిరుపతి ఎప్పుడూ పోయేదే. ఓడ అయితే రెండు పక్కలా ఎవరూ ఎక్కలేదు కాబట్టి ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకపోవడం ఉండదు. ఇది ఆయన చెప్పిన కారణమే, నేను కల్పించింది కాదు.

ఖర్చంతా తనదేనని కేశవయ్య అన్నారు. పిల్లనిచ్చినాయన దుడ్లతో ఓడెక్కేంత గతిలేక లేనని ఓబుళయ్య కబురు పెట్టారు. చివరికి ఎవరి గది వారిది, కొత్త జంట గది చెరి సగం అని తేలింది. తరువాత గదుల ఎంపిక. ఓడ పటం కంప్యూటర్లో తెరిచి చూపిస్తే ఇద్దరూ చెరో పక్కన నిలబడి పరీక్ష చేశారు. వియ్యంకులిద్దరికీ ఒకే రకం గది కావాలి, ఒకే అంతస్తులో కావాలి, ఒకే సైజు కిటికీ ఉండాలి. లిఫ్టుకు ఒకరు దగ్గర, ఒకరు దూరం కాకూడదు. అన్నీ కుదిరాక ఓబుళయ్య గది తలుపు ఏ దిక్కుకుందని అడిగారు. ఓడ తిరిగినప్పుడల్లా ఈశాన్యం కూడా తిరుగుతుందని చెప్పేసరికి ఇద్దరూ కాసేపు దిగులుపడి, ఇద్దరికీ సమానంగానే తిరుగుతుంది కదా అని తృప్తిపడ్డారు.

గడువు కంటే ముందే ఇద్దరూ పూర్తి సొమ్ము కట్టేశారు. కట్టే రోజు కేశవయ్య వియ్యంకుడి భుజం తట్టి, ముందుగా కట్టినంత మాత్రాన మనకొచ్చే నష్టమేమీ లేదు బావా, ధర పెరిగితే మనకు పనిలేదు, తగ్గితే తగ్గింది మనదే అన్నారు. ఏదో ముచ్చటగా అంటున్నారని నేను రసీదులు కొట్టి ఇచ్చాను.

గడువు దాటిన పక్షం రోజులకు ధర పడింది. పడిన సంగతి నాకంటే ముందు జమ్మలమడుగులో తెలిసింది. అక్కడ మద్దిలేటి అని ఓబుళయ్య బావమరిది ఉన్నాడు, నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నడుపుతాడు. నీళ్లలో పోయి నీళ్లు చూసి రావడానికి ఇంత ఖర్చా అని మొదటి నుంచీ ఎగతాళి చేసినవాడు అతనే. ఆ మనిషే ఒకరోజు ఫోన్లో అదే ఓడకు, అదే ప్రయాణానికి టికెట్టు తీసుకున్నాడు. తీసుకున్నవాడు నోరు మూసుకుని ఓడెక్కవచ్చు. అలా కాకుండా నేరుగా పులివెందుల వెళ్లాడు. ఆ రోజు ఓబుళయ్య ఇంట్లో కేశవయ్య దంపతులు కూడా భోజనానికి వచ్చి ఉన్నారు. రాగి సంగటి వడ్డిస్తుండగా తన టికెట్టు ధర అందరికీ వినిపించేలా చెప్పాడు. వాళ్లు కట్టినదాంట్లో సగం కూడా లేదు.

కేశవయ్య ముద్ద విస్తట్లో పెట్టేసి, రేపే పోయి ఆ తగ్గిన దుడ్లు ఇప్పిస్తా, నీవీ నావీ అన్నారట. ఓబుళయ్య ఆ వారమంతా మంట మీద ఉన్నారు. చీనీ వ్యాపారి ఒకాయన తోట చూసి, ధర మాట్లాడి, బయానా ఇచ్చి పోయి, మార్కెట్టు పడగానే తిరిగి వచ్చి ధర కోయమన్నాడు. పులివెందుల వైపు రైతులకు ఇది ఏటా తప్పని పోరు. ఆ వేడిలో ఆయన, ఒప్పుకున్నాక ధర పడిందని మళ్లీ వచ్చేవాళ్లను నేను తోట గేటు కూడా దాటనివ్వను అన్నారు. మద్దిలేటి పకపకా నవ్వాడు. కేశవయ్యకు ఆ మాట చీనీ వ్యాపారికి కాక సూటిగా తనకే తగిలింది. చెయ్యి కడిగేసుకుని, పెరుగన్నం తినకుండా లేచి వచ్చేశారు. మా వైపు వియ్యంకుడు పెరుగన్నం తినకుండా లేచాడంటే అది చిన్న విషయం కాదు.

మర్నాడు పొద్దున గుమాస్తా తాళం తీయకముందే కేశవయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఫైనల్ పేమెంట్ గురించి నేను మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు, పిల్లవాడు ఎక్కాలు తప్పు చెబుతుంటే పంతులు విన్నట్టు.

“చూడు వసుంధరమ్మా, మా అంగట్లో ఆర్డరిచ్చిన దినం రేటొకటి ఉంటాది, నగ తీసకపోయే దినం రేటొకటి ఉంటాది. రెంట్లో ఏది తక్కువైతే అదే తీసుకుంటాం. బంగారానికే ఉండే మర్యాద మీ ఓడకు ల్యాకపోతే యట్ల?”

అప్పుడు నాకు వెలిగింది. కట్టే రోజు ఆయన అన్నది ముచ్చటకు కాదు. ప్రొద్దుటూరులో పెళ్లి బంగారం ఆర్డరు పెట్టే ప్రతి ఇంట్లో నడిచే ఆనవాయితీ ఓడకు కూడా ఉంటుందని నమ్మబట్టే ఆయన ముందుగా కట్టారు, వియ్యంకుడి చేత కూడా కట్టించారు. ఇప్పుడు తగ్గింపు రాకపోతే పోయేది దుడ్లు కాదు. బంగారు అంగడి నడుపుతూ రేటు తెలియక మోసపోయాడన్న మాట పులివెందుల దాకా పోతుంది.

ఆయన అటు వెళ్లగానే ఓబుళయ్య నుంచి ఫోను. ఆయన గొంతు మెల్లగా ఉంటుంది గానీ మాట మాత్రం నాపరాయి.

“ఆయప్పేమన్నా అడగనీ తల్లీ. నాకు మాత్రం తగ్గింపు ఒద్దు. ఒప్పుకొని, కట్టి, మళ్ల పోయి చెయ్యి చాపితే, నా తోట కాడికొచ్చే యాపారికీ నాకూ తేడా ఏముండాది?”

నిన్నటిదాకా ‘బావ’ అయిన మనిషి ‘ఆయప్ప’ అయ్యాడు. అవతల కేశవయ్య కూడా ‘ఆ మనిషి’ అనే అంటున్నారు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరికొకరు ఫోను చేసుకోవడం మానేసి, ఇద్దరూ నాకు చేయడం మొదలుపెట్టారు. ఆ మనిషికి చెప్పు, నేను క్యాన్సిల్ చేసుకుంటా అని ఒకరు. ఆయప్పకు చెప్పు, చేసుకుంటే చేసుకోమను, నేనొక్కణ్ణే పోతా అని ఇంకొకరు. నా తల ప్రాణం తోకకు వచ్చింది. మధ్యలో మద్దిలేటి కూడా ఒకసారి చేసి, మీ ఆఫీసులో తీసుకుంటే ధర ఎక్కువంట కదా మేడమ్ అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను గానీ గుమాస్తా లేచి కిటికీ మూశాడు.

మూడో రోజు హారిక వచ్చింది. పుట్టింటికి వచ్చానని చెప్పింది గానీ ఆ పిల్ల మొహం చూస్తేనే ఏడ్చి వచ్చిందని తెలుస్తోంది. అత్తగారింట్లో తన తండ్రి పేరు ఎవరూ ఎత్తడం లేదట. పుట్టింట్లో మామగారి పేరు ఎత్తితే తండ్రి లేచి అంగడికి పోతున్నారట. భర్త మంచివాడే, కాకపోతే ఎవరి వైపు మాట్లాడినా తప్పే కాబట్టి మాట్లాడటమే మానేశాడట.

“ఓడ పోతే పోనీక్కా. రేపు నాకొక బిడ్డ పుట్టినా ఈయప్ప కూర్చున్న కాడ ఆయప్ప కూర్చోడు. వాళ్లకేమి, ఈడొకరు ఆడొకరు ఉంటారు. నడమ తిరగాల్సింది నేను గదా.”

నాకు కళ్లు చెమర్చాయి, దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరికీ కావలసినంత ఉంది, వీళ్ల పంతానికి ఈ పిల్ల నలగాలా అనిపించింది. నువ్వు ఇంటికి పో, ఎవరితో ఏమీ అనకు, ఎవరి చేతా ఏదీ క్యాన్సిల్ చేయించకు అని చెప్పి పంపాను. క్యాన్సిల్ మాట గట్టిగా ఎందుకు చెప్పానంటే, గడువు దాటాక కోపంలో ఒక్క మీట నొక్కితే ఆ తరువాత బ్రహ్మదేవుడు వచ్చినా ఏమీ చేయలేడు.

ఇక నా పని మొదలైంది. ధర పడిందని ఎవరైనా వస్తే మొదట చేయవలసింది, పడింది మన సరుకు ధరేనా అని చూడటం. మద్దిలేటి టికెట్టు వివరాలు రాబట్టాను. అతను తీసుకుంది కిటికీ లేని లోపలి గది. అందులోనూ ‘గ్యారంటీ’ రకం. అంటే గది ఇస్తామని హామీ ఉంటుంది గానీ ఎక్కడిస్తారో ఓడవాళ్ల ఇష్టం. రేవు పన్నులు, సిబ్బందికి ఇచ్చే టిప్పులు కలపకుండా పైపై ధర చెప్పి పులివెందులలో ఇల్లు పీకి పందిరేశాడు. అయితే కిటికీ గదుల ధర కూడా తగ్గిన మాట నిజం. మద్దిలేటి చెప్పినంత కాదు, కేశవయ్య ఊరుకునేంత తక్కువా కాదు.

రెండోది, క్యాన్సిల్ చేసి కొత్త ధరకు మళ్లీ తీసుకుంటే ఏమైనా మిగులుతుందా అని చూడటం. చూశాను. కోతలో పోయేది తగ్గినదానికంటే ఎక్కువ. ఆ దారి వదిలేశాను.

మూడోది అసలు విద్య. గడువు దాటాక ఓడ కంపెనీని డబ్బు వెనక్కి ఇమ్మని అడగకూడదు. అడిగితే కుదరదంటారు, ఒకసారి ఆ మాట వాళ్ల రికార్డులో ఎక్కితే మళ్లీ తలుపు తట్టలేం. వాళ్ల జేబులోంచి నోటు కదలకుండా ఇవ్వగలిగింది అడగాలి. అలాంటివి రెండు ఉంటాయి. ఒకటి, అదే సొమ్ముకు మెరుగైన గది. రెండోది, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి గది ఖాతాలో కొంత జమ. దాన్ని ‘ఆన్‌బోర్డ్ క్రెడిట్’ అంటాం.

ముంబైలో ఓడ కంపెనీ గ్రూపు డెస్కుకు ఫోను చేశాను. అవతల ఒకాయన చాలా మర్యాదగా, ఈ ధరలు కొత్త బుకింగులకు మాత్రమే అన్నారు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండింది గానీ అణచుకున్నాను. నేను ధర గురించి మాట్లాడటమే లేదండీ అన్నాను. ఆఖరి నిమిషంలో కొనేవాళ్లు చవక గదులు అడుగుతారు, బాల్కనీ గదులు మీకు మిగిలిపోతాయి. నా మూడు కిటికీ గదులవాళ్లను బాల్కనీలోకి మార్చండి, ఆ మూడు కిటికీ గదులూ మీరు రేపే అమ్ముకోవచ్చు అన్నాను. ఆయన పైవాళ్లను అడిగి చెబుతానన్నారు. సాయంత్రానికి ఒప్పుకున్నారు కూడా.

సంతోషంతో గదుల నంబర్లు రాసుకుని ఓడ పటం తెరిచాను. తెరిచి తల పట్టుకున్నాను. మూడు బాల్కనీ గదులూ మూడు అంతస్తుల్లో, సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కొత్త జంటను ఎక్కడ పెట్టినా వియ్యంకుల్లో ఒకరు కింద, ఒకరు పైన పడతారు. పెరుగన్నం దగ్గర లేచిన మనిషి నెత్తి మీద ఇంకొక మనిషిని పడుకోబెట్టే ధైర్యం నాకు లేదు. మళ్లీ ఫోను చేసి, బాల్కనీలు వద్దండీ అన్నాను.

ఉచితంగా ఇస్తున్న బాల్కనీ గదులను వద్దన్న ఏజెంటును ఆయన అదే మొదటిసారి చూడటం. కారణం అడిగారు. వియ్యంకులు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి ఆయన, మేడమ్, మా అక్క పెళ్లిలో కూడా ఇలాంటిదే జరిగింది, నాకర్థమైంది అన్నారు. అప్పటి నుంచి ఆయన నా మనిషి. గదులు ఎక్కడివక్కడే ఉంచి, ఒక్కొక్క గదికి ఒకే మొత్తంలో ఆన్‌బోర్డ్ క్రెడిట్ వేయించారు. అయితే ఒక షరతు పెట్టారు. మూడు గదులూ ఒకే గ్రూపు కిందివి కాబట్టి ఇస్తే అందరికీ, లేకపోతే ఎవరికీ లేదు. ప్రతి గదిలో పేరున్న పెద్ద తన ఫోనుకు వచ్చిన మెసేజీలో అంగీకారం నొక్కాలి, మర్నాడు ఆఫీసు మూసేలోగా నొక్కాలి.

కేశవయ్య ఒప్పుకోకుండా ఉండరు. ఓబుళయ్య ఒప్పుకోరు. ఆయన ఒక్కరు నొక్కకపోతే కేశవయ్యకు కూడా రాదు, రాకపోతే దానికి కారణం ఓబుళయ్యే అవుతారు. అంటే నేను మంట ఆర్పబోయి ఇంకో సీసా కిరసనాయిలు తెచ్చి పెట్టినట్టయింది. హారిక మొహం గుర్తొచ్చింది. ఫోన్లో తేలే వ్యవహారం కాదని, ఇద్దరినీ ఆఫీసుకు రమ్మన్నాను. ఒకరొస్తున్నారని ఇంకొకరికి చెప్పలేదు.

మర్నాడు వాళ్లు రాకముందే ఆఫీసులోని ఒక్క మెత్త కుర్చీనీ లోపల దాచేసి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాను. ఓబుళయ్య చీనీ కాయల బుట్టతో వచ్చారు. వెనకే కేశవయ్య వచ్చారు. ఒకరినొకరు చూసి గుమ్మం దగ్గర ఆగిపోయారు. వెనక్కి పోతే ఓడిపోయినట్టు కాబట్టి ఇద్దరూ లోపలికి వచ్చి, కుర్చీలు చెరో గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. కింద నుంచి బూందీ వాసన వస్తోంది. నేను విషయం చెప్పాను.

ఓబుళయ్య వెంటనే తల అడ్డంగా ఊపారు. తగ్గింపు తనకు వద్దని ముందే చెప్పానన్నారు. కేశవయ్య గోడకేసి చూస్తూ, ఆ మనిషికి ఒద్దంటే నాకు కూడా ల్యాకుండా జేసేదా, అడుగమ్మా అన్నారు.

నేను మొదట కేశవయ్య వైపు తిరిగాను. మీ అంగట్లో రేటు తగ్గించలేనప్పుడు పాత ఖాతాదారును ఎలా పంపుతారు అని అడిగాను. ఆయన తడుముకోకుండా, తరుగులో చూస్తాం అన్నారు. నగ చేయడంలో పోయే బంగారానికి కట్టే లెక్కను బంగారు అంగళ్లలో తరుగు అంటారు. బేరమంతా జరిగేది దాని మీదే. ఓడవాళ్లు చేసింది కూడా అదే, రేటు కదిలించలేదు, తరుగులో చూశారు అన్నాను. కేశవయ్య మొహంలో పది రోజుల తరువాత వెలుగు కనిపించింది. రేటు తెలియక మోసపోయినవాడికి ఎవరూ తరుగు తగ్గించరు. అది తెలిసినవాళ్లకు ఇచ్చే మర్యాద.

తరువాత ఓబుళయ్య వైపు తిరిగాను. మీ తోట దగ్గరికి ఊళ్లోవాళ్లు వచ్చి బుట్టెడు కాయలు కొంటే, తూకం అయ్యాక మీరేం చేస్తారని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, కొసరేస్తా అన్నారు. కొసరు తీసుకున్నవాడు చెయ్యి చాపినట్టా అన్నాను. ఆయన బుట్టను పక్కకు జరిపారు.

“చాపినట్టు కాదు. అది ఇచ్చేటోని ఇష్టం. కానీ ఈడ అడగకుండానే ఇచ్చినారా ఓడోళ్లు? నిజం చెప్పు తల్లీ.”

అబద్ధమాడితే ఆ పూటకు పని అయ్యేది. అయితే మాట మీద నిలబడే మనిషికి అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు నచ్చలేదు.

“అడిగాను. నేనే అడిగాను, రెండు రోజులు వాళ్ల ప్రాణం తీశాను. అడగడం నా ఉద్యోగం, దానికే నాకు జీతమిస్తారు. మీ నోటి నుంచి ఒక్క మాట పోలేదు, మీ పేరు నేను ఎత్తలేదు. ధర మీరు ఒప్పుకున్న ధరే, ఒక్క పైసా తగ్గలేదు. ఇది దాని మీద పడిన కొసరు.”

ఓబుళయ్య నా వైపే చూస్తూ, ఆ పొద్దు నేనన్నది చీనీ యాపారిని, అది ఆయప్పకు చెప్పమ్మా అన్నారు. అక్కడితో నా ఓపిక అయిపోయింది. పది రోజులుగా అణచుకున్న కోపమంతా ఒక్కసారి బయటికి వచ్చింది. నేను టికెట్లు కొట్టడానికి వచ్చాను గానీ కబుర్లు మోయడానికి రాలేదు, ఆయన మీ పక్క కుర్చీలోనే ఉన్నారు, ఆ పిల్ల మీ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది, చెప్పేదేదో మీరే చెప్పండి అని గట్టిగా అరిచాను. కింద మిఠాయి దుకాణంలో గరిటె చప్పుడు కూడా ఆగింది.

ఓబుళయ్య లేచి, ప్లాస్టిక్ కుర్చీని గోడ వైపు నుంచి ఇటు తిప్పుకుని కూర్చున్నారు.

“బావా, ఆ దినం నువ్వు పెరుగన్నం తినకుండా లేసి వచ్చినావు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవురికీ అన్నం సయించల్యా.”

కేశవయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తరువాత తన కుర్చీ కూడా తిప్పుకున్నారు. తను కూడా ఆ మాట తనకే అనుకుని తొందరపడ్డానని, మద్దిలేటి నవ్వకపోయి ఉంటే లేచేవాణ్ణి కానని చెప్పారు. మద్దిలేటి పేరు రాగానే ఇద్దరికీ ఒకే సారి కోపం వచ్చి, ఆ కోపంలో బాగా దగ్గరయ్యారు. తరువాత ఫోనులు తీశారు. ఇక్కడ కూడా ఎవరు ముందు నొక్కాలన్న ప్రశ్న వచ్చింది. నేను ఒకటి, రెండు, మూడు అని అంటే ఇద్దరూ కలిసి నొక్కారు. కొత్త జంట గదికి అల్లుడు పులివెందుల నుంచే నొక్కాడు. ముగ్గురి అంగీకారం అందినట్టు ముంబై నుంచి మెసేజీ వచ్చింది, దాని కింద ఆ డెస్కు ఆయన వియ్యంకుల క్షేమం అడిగారు. ఆ సాయంత్రం కేశవయ్య పులివెందుల వెళ్లి పెరుగన్నం తిన్నారని హారిక ఫోను చేసి చెప్పింది. చెబుతూ నవ్వుతోంది.

ఓడ ప్రయాణం బాగానే సాగింది. తరువాత ఆ సంగతులన్నీ హారికే చెప్పింది. మద్దిలేటికి అన్నిటికంటే కింది అంతస్తులో, ఇంజను మోత వినిపించే చోట గది పడింది. సముద్రం చూడాలంటే ఎవరో ఒకరి కిటికీ దగ్గరికి పోవాలి. పొద్దున కేశవయ్య గదిలో, మధ్యాహ్నం ఓబుళయ్య గదిలో కూర్చునేవాడట. రెండు కిటికీల్లోంచీ ఒకే రకంగా కనిపిస్తోందని ఇద్దరికీ విడివిడిగా చెప్పేవాడట. ఎగతాళి మాత్రం మానేశాడు.

చిక్కల్లా క్రెడిట్ దగ్గర వచ్చింది. దాన్ని ఓడలోనే ఖర్చు పెట్టాలి, మిగిలితే తిరిగి రాదు. ఓబుళయ్య ముందు తను ముట్టనన్నారు. ఊరికే పోనివ్వడం కేశవయ్య వల్ల కాలేదు. ఓడలోని నగల దుకాణానికి పోయి, వాళ్ల గొలుసును వేలిమీద తూచి చూసి, ఇది మా ఊళ్లో అమ్మితే అంగడి మూయిస్తారని చెప్పి బయటికి వచ్చేశారట. ఆఖరి రోజు ఇద్దరూ కలిసి వెళ్లి చెరో జత నల్ల కళ్లద్దాలు కొనుక్కున్నారు. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే ధర. డెక్కు మీద అవి పెట్టుకుని పక్కపక్కనే నిలబడిన ఫోటో హారిక నాకు పంపింది. ఎండలో కళ్లు చికిలించుకుంటూ ఫోటో తీసింది మద్దిలేటి.

ఆ శాఖలో ఇంకా కొన్నాళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఓడ బేరాలు మరికొన్ని వచ్చాయి. ఫైనల్ పేమెంట్ దాటాక ధర తగ్గితే ఓడ కంపెనీతో ఎలా మాట్లాడాలో నాకు అప్పటికే తెలుసు. ఈ వ్యవహారంలో కొత్తగా నేర్చుకున్నది వేరే. ధర తగ్గడమంటే ఏమిటో ఒక్కో ఊరికి ఒక్కో అర్థం ఉంటుంది. అది ప్రయాణికుల దగ్గర సొమ్ము తీసుకోకముందే అడిగి తెలుసుకోవాలి. తగ్గింపు ఎంత వచ్చిందనేదానికంటే, దాన్ని వాళ్లు తల దించుకోకుండా తీసుకోగలరా అనేది ముందు చూడాలి. చెయ్యి చాపే పని ఎప్పుడూ ఏజెంటే చేయాలి.

అప్పటి నుంచి డబ్బు కట్టించుకునే ప్రతిసారీ ముందే చెప్పేదాన్ని. గడువు దాటాక ధర తగ్గితే డబ్బు వెనక్కి రాదు, వస్తే గిస్తే కొసరు వస్తుంది అని. పులివెందుల వాళ్లు సరేనని తలూపి కట్టేవాళ్లు. ప్రొద్దుటూరు వాళ్లు కూడా తలూపేవాళ్లు. రసీదు జేబులో పెట్టుకుని, మెట్ల దాకా పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి, అయినా తరుగులో కాస్త చూడమ్మా అని వెళ్లేవాళ్లు.